జీవులను రాజ్యాలుగా ఎలా విభజిస్తారు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం వృక్షశాస్త్రం చదివే విద్యార్థులు, ఇంట్లో వారి సందేహాలు తీర్చే పెద్దలు, తోటలో కనిపించిన తెగులు శిలీంధ్రం వల్ల వచ్చిందో బాక్టీరియా వల్ల వచ్చిందో తెలుసుకోవలసిన రైతులు ఈ అంశం మీద దాదాపు ఒకే రకమైన ప్రశ్నలు అడుగుతుంటారు. రాజ్యాలు ఎన్ని అన్న లెక్క కన్నా, ఒక జీవిని ఏ ఆధారంతో ఏ రాజ్యంలో చేర్చారన్నదే అసలు విషయమని భావించి ఈ సమాధానాలు రాయడమైనది.

జీవశాస్త్రంలో రాజ్యం అంటే ఏమిటి?

జీవులను వాటి పోలికలను, చుట్టరికాన్ని బట్టి ఒకదానిలో ఒకటి ఇమిడే గుంపులుగా పేర్చినప్పుడు, పై మెట్టున ఉండే అతి పెద్ద గుంపులకు రాజ్యాలని పేరు. కింది నుంచి చెప్పుకుంటే జాతి, ప్రజాతి, కుటుంబం, క్రమం, తరగతి, వర్గం, రాజ్యం అనే మెట్లు వస్తాయి. మొక్కల విషయంలో వర్గానికి బదులు విభాగం అనే మాట కూడా వాడతారు. మామిడినే తీసుకుంటే దాని శాస్త్రీయ నామం మాంజిఫెరా ఇండికా, కుటుంబం అనకార్డియేసీ, క్రమం సాపిండేల్స్, రాజ్యం ప్లాంటే, అంటే మొక్కలు. జీడిమామిడి, నల్లజీడి కూడా అనకార్డియేసీ కుటుంబానివే. వేపది మీలియేసీ అనే వేరే కుటుంబం, అయినా క్రమం అనే మెట్టు దగ్గరకు వచ్చేసరికి అది కూడా మామిడితో కలుస్తుంది. పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టును చూసి, దాని జిగురును, పూతను గమనించి, జీడిమామిడి అని పేరు పెట్టిన తెలుగువారు ఏ గ్రంథమూ చదవకుండానే కుటుంబాన్ని సరిగ్గా గుర్తించారని చెప్పవచ్చు.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. రెండు జంతువులు ఒకే జాతివా కావా అని పరీక్షించడానికి అవి జతకట్టి సంతానయోగ్యమైన పిల్లలను కంటాయా అన్న కొలమానం కొంతవరకైనా ఉన్నది. రాజ్యానికి అటువంటి పరీక్ష ఏదీ లేదు. జీవులు ఎంత దూరపు చుట్టాలైతే వాటిని వేర్వేరు రాజ్యాలుగా లెక్కించాలన్నది శాస్త్రజ్ఞులు ఆధారాలను తూచి చేసుకున్న నిర్ణయం. అందువల్లనే గత దాదాపు మూడు శతాబ్దాలలో ఈ సంఖ్య రెండు నుంచి ఏడు వరకు మారుతూ వచ్చింది.

మన పూర్వులు జీవులను వర్గీకరించలేదా?

వర్గీకరించారు. ఐతరేయోపనిషత్తు జీవులను అండజములు, జరాయుజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని నాలుగు విధాలుగా చెబుతుంది. అంటే గుడ్డు నుంచి పుట్టేవి, మావితో పుట్టేవి, చెమట నుంచి పుట్టేవి, భూమిని చీల్చుకొని పుట్టేవి. జైనులు మరొక మార్గం పట్టి, ఒక్క స్పర్శజ్ఞానమే ఉన్న ఏకేంద్రియాల నుంచి పంచేంద్రియాల వరకు, ఇంద్రియాల సంఖ్యను బట్టి జీవులను వరుస పెట్టారు. ఒక పద్ధతికి పుట్టుక ఆధారం, మరొకదానికి ఇంద్రియజ్ఞానం ఆధారం. ఏదో ఒక ప్రమాణాన్ని ఎంచుకొని దాన్ని అన్ని జీవులకూ వర్తింపజేయడమే వర్గీకరణ అనుకుంటే ఈ రెండూ వర్గీకరణలే. అయితే ఇవి నేటి రాజ్యాల పద్ధతికి మూలాలని చెప్పడం సరికాదు. పేలు, నల్లులు చెమట నుంచి పుడతాయన్న నమ్మకం ఒక్క మన దేశానిదే కాదు. నిర్జీవ పదార్థం నుంచి జీవులు వాటంతటవే పుడతాయన్న భావన యూరప్‌లో కూడా 19వ శతాబ్దంలో లూయీ పాశ్చర్ ప్రయోగాల దాకా బతికే ఉన్నది.

మొదట రెండు రాజ్యాలే ఎందుకు ఉండేవి?

కంటికి కనిపించేవి రెండే కనుక. స్వీడన్‌కు చెందిన కార్ల్ లిన్నేయస్ 1735లో ప్రకటించిన గ్రంథంలో ప్రకృతినంతా వృక్ష, జంతు, ఖనిజ రాజ్యాలని మూడుగా విభజించాడు. అందులో ప్రాణమున్నవి మొదటి రెండే. కదలకుండా ఒకచోట పెరిగేది మొక్క, కదులుతూ ఆహారాన్ని మింగేది జంతువు. వ్యవసాయానికీ, వంటకూ ఈ విభజన ఇప్పటికీ చాలు. మొక్కల నామకరణానికి 1753 నాటి గ్రంథాన్ని, జంతువుల నామకరణానికి ఆ తొలి గ్రంథపు 1758 నాటి పదవ ముద్రణను నేటికీ ఆరంభబిందువులుగా లెక్కిస్తారు కనుక, లిన్నేయస్ రాజ్యాలు మారిపోయినా ఆయన పెట్టిన రెండు మాటల పేర్ల పద్ధతి మాత్రం నిలిచింది.

ఆ రెండు రాజ్యాలు ఎక్కడ చాలకపోయాయి?

సూక్ష్మదర్శిని దగ్గర. డెల్ఫ్ట్ నగరపు బట్టల వర్తకుడు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ 1670లు, 1680లలో తాను స్వయంగా అరగదీసిన కటకాలతో చెరువు నీటిలోనూ, పంటి పాచిలోనూ కదలాడే సూక్ష్మజీవులను చూశాడు. వాటిని ఎక్కడ చేర్చాలో లిన్నేయస్‌కు కూడా తెలియలేదు. తన గ్రంథపు తరువాతి ముద్రణలో కొన్నింటిని పురుగుల తరగతిలో చేర్చి, గందరగోళం అనే అర్థం వచ్చే గ్రీకు మాటను వాటి ప్రజాతికి పేరుగా పెట్టాడు. శాస్త్రగ్రంథంలో ఇంత నిజాయితీ గల పేరు అరుదుగా కనిపిస్తుంది.

యూగ్లీనా ఈ చిక్కుకు మంచి ఉదాహరణ. దానికి హరితరేణువులు ఉన్నాయి కనుక వెలుతురులో తన ఆహారాన్ని తానే తయారుచేసుకుంటుంది; కశాభం అనే కొరడా వంటి తోక ఉన్నది కనుక ఈదుతుంది; కణకవచం లేదు; చీకటిలో ఉంచితే పరిసరాల నుంచి ఆహారాన్ని గ్రహించి బతకగలదు. చాలా కాలం వృక్షశాస్త్రజ్ఞులు దాన్ని శైవలమనీ, అంటే నాచు అనీ, జంతుశాస్త్రజ్ఞులు ప్రోటోజోవా, అంటే ఏకకణ జంతువు అనీ, ఎవరి పుస్తకంలో వారు రాసుకున్నారు. 1866లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ ఇటువంటి జీవుల కోసం ప్రొటిస్టా అనే మూడవ రాజ్యాన్ని ప్రతిపాదించి, బాక్టీరియాలను కూడా అందులోనే ఒక మూలన ఉంచాడు. 1938లో హెర్బర్ట్ కోప్లాండ్ ఆ బాక్టీరియాలను విడదీసి మొనీరా అనే నాలుగవ రాజ్యం చేశాడు. ఈ విభజనకు బలమైన కారణమున్నది. బాక్టీరియా కణంలో పొర చుట్టుకొని ఉన్న కేంద్రకం లేదు, కణానికి శక్తిని అందించే మైటోకాండ్రియా లేదు. ఆ తేడాతో పోలిస్తే మర్రిచెట్టుకూ మనిషికీ మధ్య ఉన్న తేడా చిన్నది, ఎందుకంటే ఆ రెండింటి కణాల నిర్మాణం స్థూలంగా ఒకటే. కేంద్రకపూర్వ జీవులు, నిజకేంద్రక జీవులు అనే విభజన అప్పటి నుంచి క్రమంగా స్థిరపడింది.

విట్టేకర్ ఐదు రాజ్యాలను ఏ ప్రాతిపదికన నిర్ణయించాడు?

రాబర్ట్ విట్టేకర్ అమెరికాకు చెందిన జీవావరణ శాస్త్రజ్ఞుడు. ఆయన పద్ధతి అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అడవిలో ఎవరు ఆహారం తయారుచేస్తారు, ఎవరు తింటారు, ఎవరు కుళ్ళబెట్టి మట్టిలో కలుపుతారు అన్నదే ఆయన రోజువారీ ప్రశ్న. 1969లో ప్రకటించిన వ్యాసంలో ఆయన జీవులను మొనీరా, ప్రొటిస్టా, ఫంగై (శిలీంధ్రాలు), ప్లాంటే (మొక్కలు), అనిమేలియా (జంతువులు) అని ఐదు రాజ్యాలుగా విభజించాడు. మన పాఠ్యపుస్తకాలు దీనికి కణనిర్మాణం, దేహనిర్మాణం, పోషణ విధానం, ప్రత్యుత్పత్తి, వర్గవికాస సంబంధాలు (పరిణామంలో చుట్టరికం) అని ఐదు ప్రమాణాలు చెబుతాయి. అవి సరైనవే గాని, బట్టీ పట్టిన విద్యార్థికి వాటి వెనుక ఉన్న ఆలోచన కనిపించదు.

దాన్ని మేడగా ఊహించుకుంటే సులువుగా తెలుస్తుంది. కింది అంతస్తులో కేంద్రకం లేని ఏకకణ జీవులు మొనీరా. మధ్య అంతస్తులో కేంద్రకమున్న ఏకకణ జీవులు ప్రొటిస్టా. పై అంతస్తులో బహుకణ జీవులు. అక్కడ మాత్రం మూడు గదులున్నాయి. సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకునేవి ఒక గదిలో, ఆహారాన్ని లోపలికి మింగి జీర్ణం చేసుకునేవి రెండవ గదిలో, ఎంజైములను బయటకు వదిలి ఆహారాన్ని బయటనే కరిగించి పీల్చుకునేవి మూడవ గదిలో. ఉత్పత్తిదారులు, వినియోగదారులు, విచ్ఛిన్నకారులు అనే జీవావరణ శాస్త్రపు విభజనే ఆ మూడు గదులు. అంతకు ముందు శతాబ్దాలుగా మొక్కల మధ్య తలదాచుకున్న శిలీంధ్రాలకు సొంత రాజ్యం దక్కడం ఈ పద్ధతి సాధించిన గొప్ప మేలు.

లోపం కూడా ఆ మేడలోనే ఉన్నది. అంతస్తులు నిర్మాణపు సంక్లిష్టతను చూపుతాయి తప్ప చుట్టరికాన్ని చూపవు. ఒకే అంతస్తులో నివసించేవారంతా ఒకే వంశం వారు కానక్కరలేదు కదా.

పుట్టగొడుగు మొక్క కాదా? మరి మాంసాహారమా?

మొక్క కాదు. దానికి పత్రహరితం లేదు, విత్తనం లేదు, దాని కణకవచం సెల్యులోజ్‌తో కాక కైటిన్‌తో తయారవుతుంది. రొయ్య పొట్టులోనూ, పురుగుల రెక్కల గట్టి పెంకులోనూ ఉండే పదార్థం ఆ కైటినే. మొక్కలు ఆహారాన్ని పిండిపదార్థంగా దాచుకుంటే, శిలీంధ్రాలు మన కాలేయంలో లాగా గ్లైకోజన్‌గా దాచుకుంటాయి. 1990ల నుంచి జన్యుక్రమాలను పోల్చి చూసిన శాస్త్రజ్ఞులు, శిలీంధ్రాలు మొక్కల కన్నా జంతువులకే దగ్గరి చుట్టాలని నిర్ధారించారు. మట్టిలో మొలిచినంత మాత్రాన, కాయగూరల బండి మీద అమ్మినంత మాత్రాన పుట్టగొడుగుకు మొక్కతో బంధుత్వం కలగదు.

ఈ చుట్టరికం వైద్యంలో మనకు భారమవుతుంది. బాక్టీరియా కణం మన కణానికి ఎంతో భిన్నమైనది కనుక, దాన్ని చంపి మనల్ని వదిలిపెట్టే మందులు చాలా దొరికాయి; పెన్సిలిన్ దెబ్బతీసే కణకవచ పదార్థం మన శరీరంలో లేనే లేదు. శిలీంధ్రాల సంగతి అలా కాదు. 2021లో కోవిడ్ రెండవ విడతలో, ముఖ్యంగా మధుమేహం ఉండి స్టెరాయిడ్లు వాడినవారిలో, బ్లాక్ ఫంగస్ అని అందరూ పిలిచిన మ్యూకర్‌మైకోసిస్ ఎందరినో పీడించినప్పుడు ఆంఫోటెరిసిన్ బి ఇంజెక్షన్ల కోసం కుటుంబాలు ఊరూరా తిరిగిన సంగతి తెలుగు రాష్ట్రాలలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. శిలీంధ్ర కణత్వచంలోని, అంటే కణాన్ని చుట్టిన పలుచని పొరలోని, ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకోవడం ఆ మందు పని. మన కణత్వచంలోని కొలెస్టరాల్ దానికి దగ్గరి పోలిక గల పదార్థం కనుక, అది మూత్రపిండాలకు హాని చేయకుండా చూసుకుంటూ వైద్యులు ఎంతో జాగ్రత్తగా వాడవలసి వచ్చింది. మరొక మాట, ఆ శిలీంధ్రం నల్లనిది కాదు. రక్తప్రసరణ ఆగి చచ్చిపోయిన కండ నల్లబడటం వల్ల ఆ పేరు వచ్చింది.

మాంసాహారమా కాదా అన్నది జీవశాస్త్రం తేల్చే విషయం కాదు. ఆహార నియమాలను ఆచారం నిర్ణయిస్తుంది. జంతువు కాదు కనుక మాంసం కాదని ఒకరంటే, మొక్క కాదు కనుక శాకం కాదని మరొకరు అనవచ్చు. రాజ్యాల పట్టికను సాక్ష్యానికి పిలిస్తే అది ఇద్దరి పక్షానా మాట్లాడుతుంది.

బూజు తెగులు, బూడిద తెగులు రెండూ శిలీంధ్రాల వల్లనే వస్తాయి కదా, మందులు ఎందుకు వేరు?

రైతులు అడిగే ప్రశ్నలలో ఇది అన్నింటికన్నా విలువైనది. ఆకు మీద తెల్లని పొడి చల్లినట్టు కనిపించే బూడిద తెగులును కలిగించేవి నిజమైన శిలీంధ్రాలు. ద్రాక్షలో ఆకు అడుగున తెల్లని నూగులా కనిపించే బూజు తెగులును కలిగించే ప్లాస్మొపారా మాత్రం శిలీంధ్రంలా కనిపించే వేరొక జీవి. ఊమైసీట్లు అనే ఆ గుంపు జీవులు దారపు పోగుల్లా పెరుగుతాయి, సిద్ధబీజాలు వదులుతాయి, ఆహారాన్ని బయటనే కరిగించి పీల్చుకుంటాయి. కాని వాటి కణకవచంలో ప్రధానంగా ఉండేది కైటిన్ కాదు, సెల్యులోజ్, దాని వంటి గ్లూకాన్లు. నీటిలో ఈదే వాటి గమనసిద్ధబీజాలకు రెండు కశాభాలు ఉంటాయి. జన్యుక్రమాన్ని బట్టి చూస్తే వాటి దగ్గరి చుట్టాలు సముద్రంలో పెరిగే గోధుమ వర్ణపు నాచులు. కోనసీమ కొబ్బరి తోటలలో మొవ్వు కుళ్ళు తెగులు తెచ్చే ఫైటోఫ్తొరా కూడా ఈ గుంపుదే. 1845లో మొదలై ఐర్లండ్‌ను కరువు పాలు చేసిన బంగాళాదుంప తెగులుకు కారణం దాని సొంత ప్రజాతికే చెందిన మరొక జాతి.

శిలీంధ్రాలు ఎర్గోస్టెరాల్ తయారుచేసుకోకుండా అడ్డుకునే హెక్సాకొనజోల్ వంటి మందులు బూడిద తెగులు మీద చక్కగా పనిచేస్తాయి. ఊమైసీట్లు ఆ పదార్థాన్ని తయారుచేసుకోవు, కాబట్టి లేనిదాన్ని అడ్డుకునే మందు చల్లితే ఖర్చు తప్ప ఫలితం ఉండదు. వాటి మీద పనిచేసే మెటలాక్సిల్‌కు నిజమైన శిలీంధ్రాల మీద ప్రభావం లేదు. రాగి ఆధారమైన బోర్డో మిశ్రమం మాత్రం రెండింటి మీదా కొంత పనిచేస్తుంది. వరిలో కూడా ఇదే మెలకువ కావాలి: అగ్గి తెగులు శిలీంధ్రం వల్ల, బాక్టీరియా ఎండాకు తెగులు పేరులోనే ఉన్నట్టు బాక్టీరియా వల్ల, టుంగ్రో తెగులు పచ్చ దీపపు పురుగులు మోసుకొచ్చే వైరస్‌ల వల్ల వస్తాయి. మూడింటిలోనూ ఆకు పాడవుతుంది. మూడింటికీ ఒకే డబ్బా మందు పట్టుకెళ్ళడం తగదు. మందు పేరు, మోతాదు వ్యవసాయాధికారిని అడిగి నిర్ణయించుకోవాలి. తెగులును కలిగించిన జీవి ఏ రాజ్యానిదో ముందు తేల్చమని అడగడం రైతు హక్కు.

బాక్టీరియాకూ ఆర్కియాకూ తేడా ఏమిటి?

సూక్ష్మదర్శినిలో చూస్తే తేడా కనిపించదు, అందుకే 1977 వరకు ఎవరికీ అనుమానం రాలేదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ జీవుల రూపాన్ని పక్కన పెట్టి, ప్రతి కణంలోనూ ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్‌లోని ఒక ఆర్‌ఎన్‌ఏ అణువును పోల్చి చూడటం మొదలుపెట్టారు. ఆ అణువు అన్ని జీవులకూ ఉంటుంది, అతి నెమ్మదిగా మారుతుంది, కనుక కోట్ల సంవత్సరాల చుట్టరికానికి అది వంశవృక్షం వంటిది. మీథేన్ వాయువును తయారుచేసే సూక్ష్మజీవుల అణువును పరిశీలించినప్పుడు, అవి బాక్టీరియాలతో ఏమాత్రం కలవలేదు. 1990లో వోస్, ఓటో కాండ్లర్, మార్క్ వీలిస్ కలిసి రాజ్యాలకు పైన డొమైన్ అనే మెట్టును పెట్టి, జీవులన్నింటినీ బాక్టీరియా, ఆర్కియా, యూకేరియా (నిజకేంద్రక జీవులు) అని మూడుగా విభజించారు.

తరువాతి పరిశోధనలు ఈ విభజనను బలపరిచాయి. ఆర్కియాల కణత్వచంలోని కొవ్వు అణువుల అమరికే వేరు, వాటి కణకవచంలో బాక్టీరియాలకు సహజమైన పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థం ఉండదు. ఇవి మరుగునీటి ఊటలలోనూ, అగ్నిపర్వతాల దగ్గరా మాత్రమే బతుకుతాయని చాలామంది అనుకుంటారు గాని, పల్లెలోని గోబర్ గ్యాస్ తొట్టిలో మంటకు పనికివచ్చే మీథేన్‌ను చివరికి తయారుచేసేవి ఆర్కియాలే. ఆవు మొదటి పొట్టలోనూ, నీరు నిలిచిన వరిమడి బురదలోనూ అవే ఉన్నాయి. ఉప్పు మడులలో నీరు చిక్కబడినప్పుడు గులాబీ రంగుకు తిరగడానికి ఉప్పును ఇష్టపడే ఆర్కియాలు ఒక కారణం.

మరి ఇప్పుడు రాజ్యాలు ఎన్నని చెప్పాలి?

ఎవరిని అడిగారన్నదాన్ని బట్టి ఉంటుంది. భారతదేశంలో పాఠశాల, ఇంటర్ పుస్తకాలు ఐదు అంటాయి. అమెరికా పాఠ్యపుస్తకాలలో మొనీరాను బాక్టీరియా, ఆర్కియా అని రెండుగా చీల్చి ఆరు అనడం ఎక్కువ. బ్రిటన్ శాస్త్రవేత్త థామస్ కేవలియర్-స్మిత్ 1998లో చెప్పిన ఆరు ఇవి కావు. ఆయన ఆర్కియాను బాక్టీరియాలోనే ఉంచి, ప్రొటిస్టాను ప్రోటోజోవా అనీ, గోధుమ వర్ణపు నాచులు, ఊమైసీట్లు వంటివి చేరే క్రోమిస్టా అనీ చీల్చాడు. 2015లో ఆయన, మైకేల్ రుగ్గియెరో తదితరులు కలిసి బాక్టీరియా, ఆర్కియా, ప్రోటోజోవా, క్రోమిస్టా, ఫంగై, ప్లాంటే, అనిమేలియా అని ఏడు రాజ్యాల పట్టికను ప్రకటించారు. పరిశోధన రంగంలో ఉన్నవారిలో అనేకులు అసలు రాజ్యం అనే మాటనే తగ్గించి, ఒకే పూర్వికుని నుంచి వచ్చిన మహాసమూహాల గురించి మాట్లాడుతున్నారు. నా దృష్టిలో సంఖ్యను అడిగినవారికి ఏ పద్ధతి ప్రకారం, ఏ సంవత్సరం నాటిదో చెప్పి సంఖ్య చెప్పడమే సరైన సమాధానం.

ప్రొటిస్టా ఎందుకు నిలవలేదు?

అది మిగిలిపోయినవాటిని వేసే బుట్ట కనుక. కేంద్రకం ఉండి, మొక్క, జంతువు, శిలీంధ్రం కానిదంతా అందులో చేరింది. అమీబా, పారమీషియం, డయాటమ్‌లు, జిగురు బూజులు ఒకే రాజ్యంలో ఉన్నా, వాటి మధ్య దూరం మనకూ పుట్టగొడుగుకూ ఉన్న దూరం కన్నా ఎక్కువ.

మలేరియా పరాన్నజీవి కథ దీనికి చక్కని ఉదాహరణ. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ పొట్టను కోసి చూసి, ప్లాస్మోడియం అక్కడ పెరుగుతున్నదని కనుగొన్నాడు. 1902లో నోబెల్ బహుమతి పొందాడు. రక్తకణాలను తిని బతికే ఈ జీవిని జంతువులకు దగ్గరిదని అందరూ భావించారు. దాదాపు నూరేళ్ళ తరువాత దాని కణంలో నాలుగు పొరలు చుట్టుకొని ఉన్న ఒక చిన్న భాగం, ఒకప్పటి హరితరేణువు అవశేషమని తేలింది. దాని పూర్వికులు ఏనాడో ఒక ఎర్రని శైవలాన్ని మింగి లోపలే ఉంచుకున్నాయి. ఇప్పుడు అది కిరణజన్య సంయోగక్రియ చేయదు, అయినా అది లేకుండా పరాన్నజీవి బతకలేదు. బాక్టీరియాల మీద పనిచేసే డాక్సీసైక్లిన్ మలేరియా మీద కూడా పనిచేయడానికి కారణం ఇదే, ఎందుకంటే హరితరేణువు కూడా మొదట ఒక బాక్టీరియానే. మైటోకాండ్రియా, హరితరేణువులు ఒకనాటి స్వతంత్ర బాక్టీరియాలన్న వాదాన్ని 1967లో లిన్ మార్గులిస్ గట్టిగా ముందుకు తెచ్చింది. మొదట్లో చాలామంది తోసిపుచ్చిన ఆ మాట నేడు పాఠ్యాంశం.

నాచు, పాచి మొక్కలేనా?

తెలుగులో నాచు అన్న ఒక్క మాట కింద కనీసం మూడు వేర్వేరు వంశాలు ఉన్నాయి. చెరువులో పచ్చని దారాల్లా పెరిగే నాచులు మొక్కలకు నిజమైన చుట్టాలు. సముద్రతీరంలో కొట్టుకొచ్చే గోధుమరంగు సర్గాసమ్ వాటికి చాలా దూరం, క్రోమిస్టాలో చేరుతుంది. రైతులు జీవన ఎరువుగా వాడే నీలి ఆకుపచ్చ నాచు నాచే కాదు, బాక్టీరియా; మాత్రలుగా అమ్మే స్పైరులినా కూడా అంతే. వరిమడిలోనూ, పశువుల మేత కోసం తొట్లలోనూ పెంచే అజొల్లా మాత్రం ఫెర్న్ జాతి మొక్క, దాని ఆకుల గదులలో కాపురముండి నత్రజనిని పట్టి ఇచ్చేది అనబీనా అనే బాక్టీరియా. వర్షాకాలంలో పిట్టగోడ మీద పచ్చగా మెత్తగా పరుచుకొనే పాచిలో ఎక్కువ భాగం మాస్ మొక్కలు. వాటిది ప్లాంటే రాజ్యమే.

బిర్యానీ మసాలాలో వేసే రాతి పువ్వు ఏ రాజ్యానిది?

పువ్వు కాదు, రాతిదీ కాదు, అది లైకెన్. ఒక శిలీంధ్రం, దాని పోగుల మధ్య ఒక శైవలం కలిసి చేసే సంసారం. శైవలం ఆహారం తయారుచేస్తుంది, శిలీంధ్రం నీడనూ తేమనూ ఇస్తుంది. కొన్ని లైకెన్లలో శైవలానికి బదులు సయనోబాక్టీరియా, అంటే పైన చెప్పిన నీలి ఆకుపచ్చ నాచు, ఉంటుంది. నామకరణ నియమాల ప్రకారం లైకెన్‌కు పెట్టిన పేరు అందులోని శిలీంధ్రానికే చెందుతుంది, కనుక పట్టికలో అది ఫంగై కింద కనిపిస్తుంది. భాగస్వామికి వేరే పేరు ఉంటుంది.

బంగారు తీగ పచ్చగా లేదు, అయినా మొక్కేనా?

మొక్కే. తెలుగు రైతులకు కలుపుగా పరిచయమున్న ఈ తీగ ఇతర మొక్కల నుంచి ఆహారం పీలుస్తుంది. కాని పూలు పూస్తుంది, విత్తనాలు ఇస్తుంది, దాని పూర్వికులు పచ్చని తీగలు. అలవాటు మారినంత మాత్రాన వంశం మారదు.

ఇడ్లీ పిండి పులియడానికి ఈస్ట్ కారణమా?

ప్రధానంగా కాదు. మినప్పప్పులో సహజంగా ఉండే ల్యూకోనోస్టాక్ వంటి బాక్టీరియాలే పిండిని పొంగించి పులుపునిస్తాయి. ఈస్ట్‌లు కొంత తోడవుతాయి. పెరుగు తోడుకోవడం కూడా బాక్టీరియా పనే. రొట్టె పొంగించేది ఈస్ట్, అంటే ఏకకణ శిలీంధ్రం. తాటి కల్లులో రెండూ ఉంటాయి.

వైరస్‌లు ఏ రాజ్యంలోకి వస్తాయి?

జీవుల రాజ్యాలలో దేనిలోకీ రావు. వైరస్‌కు కణం లేదు, సొంత రైబోసోమ్ లేదు. ఇతర కణంలోకి చేరితే తప్ప తన ప్రతులను తయారుచేసుకోలేదు. 1892లో ద్మిత్రీ ఇవనోవ్‌స్కీ, 1898లో మార్టినస్ బైయెరింక్ పొగాకు ఆకుల మొజాయిక్ తెగులును పరిశీలించి, బాక్టీరియాలను ఆపే వడపోత గొట్టం నుంచి కూడా ఆ తెగులు కారకం దాటిపోతున్నదని గమనించారు. 1935లో వెండెల్ స్టాన్లీ అదే వైరస్‌ను ఉప్పులాగా స్ఫటికాలుగా మార్చి చూపాడు. స్ఫటికంగా సీసాలో దాచిపెట్టగలిగినది, తిరిగి ఆకు మీద రుద్దితే తెగులు తెప్పించగలిగినది ప్రాణమున్నదా లేనిదా అన్న చర్చ అప్పటి నుంచి నడుస్తున్నది. అంతర్జాతీయ వైరస్ వర్గీకరణ సంఘం వైరస్‌లకు ప్రత్యేకంగా తన పట్టికను నిర్వహిస్తున్నది. అందులో కూడా రాజ్యం అనే మెట్టు ఉన్నా, దానికి ఇక్కడ చెప్పుకున్న రాజ్యాలతో సంబంధం లేదు. జలుబుకు యాంటీబయాటిక్ వాడవద్దని వైద్యులు చెప్పడానికి కారణం ఇదే: ఆ మందు దెబ్బతీసే భాగాలు వైరస్‌కు లేవు.

పరీక్షలో ఏ పద్ధతి రాయాలి?

ప్రశ్నలో వేరే పేరు లేకపోతే విట్టేకర్, 1969, ఐదు రాజ్యాలు. మూడు డొమైన్ల గురించి అడిగితే వోస్ పేరు, 1990 రాయాలి.

ఈ పట్టిక మళ్ళీ మారుతుందా?

మారుతూనే ఉన్నది. 2015లో ఆర్కిటిక్ సముద్రంలో, లోకి కోట అని పిలిచే వేడినీటి ఊటల సమీపాన, మూడు కిలోమీటర్లకు పైగా లోతున తీసిన బురదలోని డీఎన్‌ఏలో కొత్త ఆర్కియాల జాడ దొరికింది. నిజకేంద్రక జీవులకే ప్రత్యేకమనుకున్న కొన్ని జన్యువులు వాటిలో కనిపించాయి. దానితో మనం, మొక్కలు, శిలీంధ్రాలు కలిసిన నిజకేంద్రక జీవుల కొమ్మ ఆర్కియాలకు పక్కన కాక, ఆర్కియాల లోపలి నుంచే మొలిచిందన్న వాదం బలపడింది. అదే నిజమైతే డొమైన్లు మూడు కాదు, రెండే. అయితే అప్పటికి చేతిలో ఉన్నది జన్యుక్రమమే గాని జీవి కాదు. జపాన్ శాస్త్రవేత్తలు 2006లో తమ తీరానికి దూరంగా సముద్రపు అడుగు నుంచి తీసిన బురదను పన్నెండేళ్ళకు పైగా ఓపికతో పెంచి, ఈ గుంపుకు చెందిన ఒక ఆర్కియాను 2020లో ప్రపంచానికి చూపించారు. అది ఒకటి రెండు కావడానికి సుమారు రెండు మూడు వారాలు పడుతుంది. మామూలు బాక్టీరియాకు అరగంట చాలు. కణం నుంచి చుట్టూ చేతుల్లా సాగిన పొడవాటి కొమ్మలు ఉన్నాయి. ఆ కొమ్మలతోనే దాని పూర్వికులు మైటోకాండ్రియా కాబోయే బాక్టీరియాను చుట్టుముట్టి లోపల కలుపుకొని ఉంటాయని ఆ శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు.